బిల్లెట్టు రంగు, సూర్యుడి రంగు

సూర్యుడు పసుపు రంగులో ఉంటాడని మీకు చెప్పినవాళ్ళెవరో నాకు తెలియదు. తెలిస్తే వెళ్ళి అడుగుతాను. పోయిన నెల మా గాజువాకలో ఒక స్కూలువాళ్ళు సైన్సు ప్రదర్శన పెట్టి, రిటైరైన కార్మికుల్ని కూడా పిలిచారు. గోడమీద ఒక అట్ట, అట్టమీద గుమ్మడిపండంత సూర్యుడు, కింద "సూర్యుడు పసుపుపచ్చని నక్షత్రం" అని పెద్ద అక్షరాలు. సూర్యుడు తెల్లగా ఉంటాడమ్మా అని అక్కడున్న టీచరుకి చెప్పాను. మీరేం చదువుకున్నారండీ అని ఆవిడ మర్యాదగానే అడిగింది. ఎనిమిదో తరగతి తప్పానన్నాను. ఆవిడ నాకు కాఫీ ఇప్పించింది.

కాఫీ బాగానే ఉంది. కోపం మాత్రం దిగలేదు. అందుకని కుర్రాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇందులో సూర్యుడి సంగతి సగం, నేను చేసిన తప్పు సగం. రెండూ ఒక సాయంత్రం ఒకే గుమ్మం దగ్గర కలిశాయి కాబట్టి విడదీసి చెప్పలేను.

నేను ముప్పయ్యొక్క ఏళ్ళు ఒక రీ-రోలింగ్ మిల్లులో పనిచేశాను. వైజాగులో ఇనుము పని అనగానే అందరూ పెద్ద ప్లాంటు అనుకుంటారు. మాది అది కాదు. రేకుల షెడ్డు, ఒక ఫర్నేసు, వరసగా రోలర్లు, అంతే. బిల్లెట్లనే ఇనుప దిమ్మెల్ని ఫర్నేసులో కాల్చి, రోలర్ల మధ్య దూర్చి, మీ ఇళ్ళ శ్లాబుల్లో వేసే కడ్డీలుగా సాగదీసేవాళ్ళం. నా పని ఫర్నేసు మూతి దగ్గర నిలబడి, లోపల కాలుతున్న బిల్లెట్టు రంగు చూసి, "అయింది" అనడం. ఆ ఒక్క మాటకే నాకు జీతం. మాట తొందరపడితే పచ్చి ఇనుము రోలర్లలోకి వెళ్తుంది. పచ్చి ఇనుము సాగదు, ఎదురు తిరుగుతుంది. ఎదురు తిరిగినప్పుడు దాని ముందు నిలబడి ఉండేది నేను కాదు. పట్టకారు పట్టుకున్నవాడు.

మా మిల్లులో మొదటి రోలరు దగ్గర పట్టకారు పట్టేవాడు సముద్రం మనిషి. వాళ్ళింట్లో అందరూ ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లమీద వేటకి వెళ్ళేవాళ్ళు. ఇతనొక్కడే గట్టు ఎక్కి ఇనుము పట్టాడు. ఎందుకని అడిగితే, "సేపకి పానముంటాది బావ, జారిపోద్ది. ఇనుముకేటుంటాది?" అనేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. నేను అనకాపల్లి వైపు రైతుల ఇంటివాణ్ణి. అయినా ఇరవై ఏళ్ళు ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం. నేను పంపిన బిల్లెట్టు కాస్త ముందూ వెనకా అయితే రోలర్ల దగ్గర్నుంచే అరిచేవాడు.

"బావోయ్, ఇది మా ఆడది ఏసిన అట్టునాగుంది. అంచులు మాడిపోనాయి, మద్దెన పచ్చి!"

ఇప్పుడు రంగుల సంగతి. కుర్రాళ్ళు ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఇనుము వేడెక్కుతూ ఉంటే ముందు ముదురు ఎరుపు వస్తుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు, ఇంకా కాలిస్తే తెలుపు. ఇందులో ఇంతవరకు మినహాయింపు నేను చూడలేదు. మాకు కావలసింది లేత పసుపు, అంటే పదకొండు వందల యాభై డిగ్రీలకి అటూ ఇటూ. డ్యూటీ లేని పూట నేను మా పేట గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. ఫ్యాను అక్కడ బాగా తిరిగేది. అలా ఒక పిల్లల సైన్సు పుస్తకంలో సూర్యుడి ఉపరితలం వేడి అయిదున్నర వేల డిగ్రీలని చదివాను. పేజీ తిప్పకుండా అక్కడే ఆగిపోయాను. పదమూడు వందలకే ఇనుము తెల్లబడుతుంటే, దానికి నాలుగింతల వేడి ఉన్నవాడు ఇంకా పసుపు దగ్గరే ఎలా ఆగిపోయాడు? మా ఫర్నేసులో అయితే అంత చవకబారు సూర్యుణ్ణి నేను బయటికి తియ్యను.

రెండు నెలలు నాలుగు పుస్తకాలు తిరగేస్తే తేలింది. సూర్యుడు తెలుపే. గాలి పొర దాటి పైకి వెళ్ళి చూసినవాళ్ళకి తెల్లగానే కనిపిస్తాడు. తెల్లటి వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. అది గాలిలోంచి వస్తుంటే, గాలి అందులోని నీలాన్ని పట్టుకుని నాలుగు దిక్కులకీ చిమ్ముతుంది. ఆకాశం నీలంగా ఉండేది ఆ చిమ్మిన నీలంతోనే. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీద ఉంటాడు, దారి దగ్గర, పెద్దగా నష్టం ఉండదు. సాయంత్రం వాలుగా రావాలి. దారి చాలా పొడుగు. ఆ దారిలో నీలం పోతుంది, ఆకుపచ్చా తగ్గుతుంది, చివరికి నారింజా ఎరుపూ మిగులుతాయి. పైన మన ఊరి లారీల దుమ్ము, పొగ, సముద్రపు తేమ తోడైతే చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం సూర్యుణ్ణి ఎవడూ చూడలేడు. చూడగలిగేది దిగిపోయేటప్పుడే. అప్పుడు చూసి, అదే అతని రంగని నిర్ణయించేశారు. డ్యూటీ దిగి గేటు దాటుతున్న ఫర్నేసు మనిషిని చూసి, ఆ మసి వాడి ఒంటి రంగనుకున్నట్టు.

నమ్మకం లేకపోతే మిట్టమధ్యాహ్నం ఒక మబ్బుని చూడండి. తన రంగేమిటో ఆయన రోజూ దానిమీద వేసి చూపిస్తూనే ఉన్నాడు.

ఈ సంగతి మిల్లులో చాలామందికి చెప్పబోయాను. ఒకడు టీకి వెళ్ళిపోయాడు. ఒకడు, "మరి సెంద్రుడు ఏ రంగు మేస్త్రీ?" అని అడిగి, నేను చెప్పడం మొదలెట్టగానే వాడూ టీకి వెళ్ళిపోయాడు.

పుస్తకాలు చదవకుండానే ఇదంతా తెలిసినవాడొకడు ఉన్నాడు. నాకు పని నేర్పిన పెద్దమేస్త్రి. మా షెడ్డుకి పడమటి వైపు పెద్ద గుమ్మం ఉంది. సాయంత్రం ఎండ అందులోంచి సూటిగా ఫర్నేసు మూతి దాకా వచ్చేది. ఆయన ఆ గుమ్మానికి గోనెసంచులు కుట్టి తెర కట్టించాడు. అది చాలదని ఇంకో నియమం పెట్టాడు. నాలుగు దాటాక బిల్లెట్టు చూడాలంటే, ముందు పక్కనున్న బొగ్గుగదిలోకి వెళ్ళి, తలుపు మూసి, చీకట్లో యాభై లెక్కపెట్టి రావాలి. దాన్ని మా మిల్లులో కళ్ళు కడుక్కోవడం అనేవాళ్ళం. నీళ్ళతో పని లేదు. మధ్యాహ్నపు తెల్లటి వెలుగులో కాలిన ఇనుము ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తుంది, ఏ కమ్మరినడిగినా చెప్తాడు. దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, ఇంకాస్త కాలుస్తాం. సాయంత్రపు ఎండ దీనికి తిరగేసి చేస్తుంది. నారింజ వెలుగులో కాసేపు నిలబడితే కంటికి నారింజ అలవాటైపోతుంది, దాన్నే తెలుపుగా లెక్క కట్టుకుంటుంది. అప్పుడు నారింజగా ఉన్న పచ్చి బిల్లెట్టు లేత పసుపుగా, అయిపోయినట్టు కనిపిస్తుంది. ఇందుకే బొగ్గుగది.

నా రిటైర్మెంటుకి పదకొండేళ్ళ ముందు మా మిల్లుకి ఒక కుర్ర ఇంజినీరు వచ్చాడు. మంచివాడు. అందరినీ అండీ అనేవాడు. వేడి కొలిచే తుపాకీలాంటి యంత్రం ఒకటి కొనిపించాడు. అది ఖరీదైనదని యజమాని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇంజినీరుకి ఇక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. గోనె తెరమీద పడ్డాడు. పెద్దమేస్త్రి అప్పటికే పని మానేసి వెళ్ళిపోయాడు, అందుకని నన్నే పట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ, ఫర్నేసు పక్కన గోనెసంచులేంటండీ? ఒక్క నిప్పురవ్వ చాలు. సేఫ్టీవాళ్ళు వస్తే నన్నంటారు."

"తెర తీసేత్తే ఎండ లోపలికొచ్చేత్తది బాబూ. రంగు తెల్దు."

"వెలుతురు వెలుతురే కదండీ. ఇంకా బాగా కనిపిస్తుంది."

నిప్పురవ్వ సంగతి ఆయన చెప్పింది నిజమే. అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. తెర తీసేశారు. డిసెంబరు నెల అది. మొదటి మూడు రోజులూ నేను మామూలుకన్నా ఎక్కువసేపు బొగ్గుగదిలో ఉండి లెక్కపెట్టి వచ్చాను. ఏమీ కాలేదు.

నాలుగో రోజు బుధవారం. సాయంత్రం అయిదవుతుండగా ఇంజినీరు పడమటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. రోడ్డుమీద లారీల దుమ్ము లేచి ఉంది. దాని వెనక సూర్యుడు రాగి పళ్ళెంలా దిగుతున్నాడు.

"మేస్త్రిగారూ, ఇలా రండి. ఎంత బాగుందో చూడండి సూర్యుడి రంగు," అన్నాడు.

ఊరుకుని ఉంటే సరిపోయేది. నా వల్ల కాలేదు.

"అది సూర్యుడి రంగు కాదు బాబూ," అన్నాను.

"మరి ఎవరిదండీ?"

చెప్పడం మొదలెట్టాను. ఇనుము రంగులు, అయిదున్నర వేల డిగ్రీలు, నీలం చిమ్మడం, వాలు దారి, మబ్బు. పడమటి వైపే చెయ్యి చూపిస్తూ పది నిమిషాలు చెప్పాను. ఆయన టీకి వెళ్ళలేదు. మధ్యలో రెండు మంచి ప్రశ్నలు కూడా అడిగాడు. అన్నేళ్ళలో నా మాట అంత శ్రద్ధగా విన్న మనిషి ఆయనొక్కడే. నా మతి పోవడానికి అది చాలు.

రోలర్ల దగ్గర్నుంచి గంట కొట్టారు, బిల్లెట్టు కావాలని. నేను బొగ్గుగది దాటుకుంటూ వెళ్ళాను. దాటుకుంటూనే, లోపలికి కాదు. ఇంకా ఇంజినీరుతో మాట్లాడుతూనే ఉన్నాను. ఫర్నేసు మూతి తెరిచారు. బిల్లెట్టు లేత పసుపుగా, ముచ్చటగా కనిపించింది.

"అయింది," అన్నాను.

అది మొదటి రోలరులో సగం దూరి ఆగింది. రోలరు పగిలిన చప్పుడు నాకు గుండెల్లో వినిపించింది. బిల్లెట్టు పక్కకి తన్నుకుని, పట్టకారుతో సహా మా బావని కొట్టింది. ఎడమ కాలు, మోకాలి కింద. ఎముక విరిగింది, కండ కాలింది. పడిపోయి కూడా పట్టకారు వదల్లేదు. విడిపించడానికి ఇద్దరం వంగాల్సి వచ్చింది. అప్పుడు దగ్గరగా, నా కళ్ళతో ఆ ఇనుమును చూశాను. నారింజ రంగులో ఉంది.

మా టైమ్ ఆఫీసులో ప్రమాదాల రిజిస్టరు ఉండేది. అందులో కారణమనే గడి ఉంది. నేను చేరిన నాటినుంచి ఆ గడిలో రెండే మాటలు రాసేవారు: "అజాగ్రత్త", "మద్యం మత్తు". ఏది రాయాలన్నది గుమస్తా ఇష్టం. ఆ రోజు ఆయన "మద్యం మత్తు" రాశాడు. రోలరు పగిలితే పెద్ద కారణం ఉండాలి కదా అన్నాడు. ఆ మాట రాస్తే మనిషిని గేటు బయట పెడతారు. ఒక మిల్లు తాగుబోతని గెంటినవాణ్ణి మా చుట్టుపక్కల ఇంకో మిల్లు రానివ్వదు. అంటే మా బావ పని అయిపోయినట్టే. సగం కాలిన కాలుతో బోటు ఎక్కనిచ్చేవాడు కూడా ఉండడు.

ఇదంతా తెలిసి నేను రెండు రోజులు నోరు విప్పలేదు. కోపిష్టివాణ్ణని పేరున్న మనిషిని. టీచర్లతో, గుమస్తాలతో, బస్సు కండక్టర్లతో గొడవ పడగలను. ఆ రెండు రోజులూ ఎవరితోనూ గొడవ పడలేదు.

మూడోరోజు తెల్లవారుతుండగా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. బావ భార్య అక్కడ చేపల వేలం దగ్గర ఉంటుంది. ఎర్రటి సూర్యుడు అప్పుడే నీళ్ళలోంచి లేస్తున్నాడు. ఆవిడ గంపలో చేపలమీద మంచుగడ్డ పొడి చల్లుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏటన్నా, ఇలగొచ్చినావు? సేపలకా?"

"కాదమ్మా. కాలెలాగుందో కనుక్కుందామని."

"కాలు కాడికి ఎల్లాల గానీ, సేపల కాడికొత్తే కాలెలగ కనబడతాది?" అని, గంప పక్కకి జరిపింది. "తాగినాడని రాసినారంట గదా. మా మడిసి తాగడని నాను సెప్పనన్నా. అబద్దం ఎందుకు. ఆదివారం తాగుతాడు. ఆయేల బుదారం."

"నాకు తెలుసమ్మా."

"నీకు తెలిస్తే ఏటి లాబం? రాసినోడికి తెలియాల."

అంతే అంది. నన్నేమీ అడగలేదు. వేలం గంట కొట్టారు, ఆవిడ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను బస్సెక్కేసరికి గంట పైన గడిచింది. సూర్యుడు పైకి లేచాడు. ఎరుపు పోయింది. తల పైకెత్తితే కళ్ళు మూతపడిపోయే తెలుపు.

ఆ మధ్యాహ్నం యజమాని గదిలో విచారణ జరిగింది. యజమాని, ఇంజినీరు, గుమస్తా, నేను. మా బావ ఆసుపత్రిలో ఉన్నాడు. అతను తాగలేదు, బిల్లెట్టు పచ్చిది అన్నాను. మరి అయిందని చెప్పింది నువ్వే కదా అన్నారు. నేనే అన్నాను. సాయంత్రం అయిదింటికి ఫర్నేసు దగ్గరికి రండి, బీరువాలో ఉన్న యంత్రం తెప్పించండి, చూపిస్తాను అన్నాను. యజమాని గడియారం చూసుకున్నాడు. ఆయనకి ఆ అలవాటు ఉంది.

అయిదింటికి అందర్నీ పడమటి గుమ్మంలో ఎండకి ఎదురుగా నిలబెట్టాను. అయిదు నిమిషాలయ్యాక తిన్నగా ఫర్నేసు దగ్గరికి నడిపించి మూతి తెరిపించాను.

"ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నానయ్యా, నాకు తెలియదా రంగు? అయింది, తియ్యొచ్చు," అన్నాడు యజమాని. ఇంజినీరు కూడా అయిందన్నాడు. గుమస్తా, యజమాని ఏమంటే అది అన్నాడు.

తర్వాత ముగ్గుర్నీ బొగ్గుగదిలో పెట్టి తలుపు మూశాను. యజమానిని బొగ్గుగదిలో పెట్టడం మా మిల్లులో అదే మొదటిసారి. యాభై లెక్కపెట్టి బయటికి తెచ్చి, అదే బిల్లెట్టు చూపించాను. నారింజ. ఇంజినీరు యంత్రం పెట్టి చూసి, అంకె పైకి చదివాడు. వెయ్యి కూడా లేదు. పచ్చిది.

"తెర నేనే తీయించాను సర్," అన్నాడు ఇంజినీరు. నేను అడక్కుండానే అన్నాడు.

యజమాని తెలివితక్కువవాడు కాదు. ఒక ప్రశ్న వేశాడు. "తెర తీసి అప్పటికి నాలుగు రోజులైంది కదా మేస్త్రీ. ముందు మూడు రోజులూ ఇదే ఎండ. అప్పుడెందుకు తప్పలేదు?"

ఇంజినీరు నా వైపు చూసి, తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నాడు. నేను బొగ్గుగదిలోకి వెళ్ళలేదని ఆయనకి తెలుసు. నా పక్కనే నడిచి వచ్చాడు కదా.

"ఆయేల దుమ్ము మరీ ఎక్కువ బాబూ," అన్నాను.

అబద్ధం కాదు. ఆ రోజు దుమ్ము ఎక్కువే.

గుమస్తా రిజిస్టరు తెచ్చి "మద్యం మత్తు" కొట్టేశాడు. ఆ స్థానంలో ఏం రాయాలో ఆయనకి తోచలేదు. ఆ గడిలో మూడో మాట ఎప్పుడూ రాసి ఉండలేదు. చివరికి యజమాని చెబితే "సాయంకాలపు సూర్యకాంతి" అని రాశాడు. యజమాని, ఇంజినీరు, నేను ముగ్గురం సంతకాలు పెట్టాం. కాలు బాగయ్యాక మా బావ పనిలోకి రావచ్చన్నారు. తెర మళ్ళీ కట్టారు, ఈసారి గోనె కాదు, రేకు.

ఈ కబురు చెప్పడానికి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. సముద్రపొడ్డున పేట. మంచంమీద కట్టు కట్టిన కాలు చాపుకుని, వాళ్ళ తమ్ముడి వల బాగుచేస్తున్నాడు. నేను ప్రయోగం సంగతంతా చెప్పాను. యజమాని మొహానికి బొగ్గు అంటుకున్న ముక్క దగ్గర నవ్వాడు. అంతా విని, వల కన్ను ఒకటి ముడేసి,

"బొగ్గుగదిలోకి ఎల్లనేదు బావ నువ్వు," అన్నాడు.

నీకెవరు చెప్పారన్నాను.

"నాను సూసినాను గదా. గుమ్మం కాడ్నుంచి తిన్నగా మూతి కాడికొచ్చినావు. ఇంజినీరుబాబుకి సేతులూపుకుంటా ఏటో సెప్పుకుంటా వొచ్చినావు. ఈయేలేటి ఈడు కళ్ళు కడుక్కోనేదు అనుకున్నాను. ఈలోగా వొచ్చేసింది బిల్లెట్టు."

"మరి నిన్ను తాగుబోతని రాస్తే చెప్పలేదేటి?"

"సెప్తే నిన్ను తీసేత్తారు. తీసేసి, రెండో షిఫ్టోడ్ని నిలబెడతారు. నీకు ఒక్కరోజు తప్పొచ్చింది. ఆడికి రోజూ వొస్తాది." వల పక్కన పెట్టాడు. "నీమీద పేమనుకుంటన్నావేటి? నాను మల్లీ ఆ పట్టకారే అట్టుకోవాల. ఇంకా ఒక కాలుంది బావ నాకు."

నేను అక్కడే కూర్చుని, ఆ రోజు ఎండ ఎంత ఎర్రగా ఉందో, గాలి ఏమేం చేస్తుందో మళ్ళీ మొదలెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"సూరీడు తెలుపైతే నాకేటి, నలుపైతే నాకేటి? సూరీడు అయిందంటే నాను బిల్లెట్టు పట్టను. నువ్వు అయిందంటే పడతాను."

మర్నాడు పొద్దున్నే టైమ్ ఆఫీసుకి వెళ్ళాను. రిజిస్టర్లో ఆ మాట తప్పు, కొట్టేసి "ఫర్నేసు మేస్త్రి కళ్ళు కడుక్కోలేదు" అని రాయమన్నాను. గుమస్తా కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఒకసారి కొట్టేసిందే మచ్చగా ఉంది మేస్త్రీ. రెండోసారి కొట్టేస్తే ఇది రిజిస్టరా, పిల్లల పలకా? ముగ్గురు పెద్దమనుషులు సంతకాలు పెట్టారు. ఇప్పుడు ఎవరికి నష్టం? సూర్యుడొచ్చి, నామీద అన్యాయంగా రాశారంటే అప్పుడు చూద్దాం. నువ్వెళ్ళు, గంట కొట్టేశారు."

యజమాని గది మేడమీద. మెట్లు పద్నాలుగు. నేను కింద నిలబడి వాటిని లెక్కపెట్టాను, ఎక్కలేదు. గంట కొట్టారు కదా అని ఫర్నేసు దగ్గరికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత పదకొండేళ్ళు అదే మూతి దగ్గర పనిచేసి, శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చాను.

ఆ మాట ఇప్పటికీ అలాగే ఉండి ఉంటుంది. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ బుధవారం సూర్యుడు తెల్లగానే బయల్దేరాడు. దారిలో గాలి తన పని చేసింది, దుమ్ము తన పని చేసింది. గుమ్మం దాటాక పని నాది.